పిల్లి పాదమంత చూర్ణం

“ఉసిరికాయంత లేహ్యం” అంటే రోగులు తల ఊపుతారు. “పిల్లి పాదమంత చూర్ణం” అంటే నవ్వుతారు. ఇది నా చమత్కారం కాదు, శాస్త్ర పరిభాషయే. శార్ఙ్గధర సంహితలో కర్షమనే తూనికకు బిడాలపదకము, హంసపదము అనే పేర్లున్నాయి. పిల్లి అడుగైనా, హంస అడుగైనా నేటి లెక్కలో 12 గ్రాములే. నాలుగు కర్షాలు ఒక పలము. దానికి పిడికిలి, మారేడు, మామిడి అను అర్థాలు గల పేర్లున్నాయి. 48 గ్రాముల మామిడి పిందెయే కాని పండు కాజాలదు!

ఈ కొలతల వరుస కిటికీ ఎండలో తేలాడే ధూళి రేణువుతో మొదలై, ఆవగింజ, యవగింజల మీదుగా గురివిందను చేరుతుంది. గురివింద ఎత్తు 125 మిల్లీగ్రాములు. 96 గురివిందలు ఒక కర్షము.

పోలిక జ్ఞాపకానికి మేలు, మోతాదుకు చాలదు. ఉస్మాన్‌గంజ్‌లో శొంఠి, పిప్పళ్ళు త్రాసులో తూచి ఇస్తారు. ఇంటికి చేరిన పిమ్మట చిటికెడు, చెంచాడు అనే లెక్కలే మిగులుతాయి. చిటికె వ్రేళ్ళను బట్టి మారుతుంది. చెంచాలన్నీ ఒక్క తీరుగా ఉండవు. పూర్వులు చూర్ణానికి కర్షము మోతాదు చెప్పినా, నేడు సాధారణంగా 3 నుండి 6 గ్రాములే ఇస్తాము. కనుక వైద్యుని వద్ద మోతాదును గ్రాములలో వ్రాయించుకొని, చిన్న త్రాసులో తూచుకోవడం ఉత్తమం.

ముఖ్యంగా ఒక హెచ్చరిక. “గురివిందంత మందు” అనగా అంత బరువు గల మందు అని అర్థం. ఆ గింజను తినుమని కాదు. గురివింద గింజ విషం. పిల్లలకు అందనీయరాదు. ఎవరైనా నమిలితే గృహవైద్యంతో కాలయాపన చేయక, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.