చెరువు నీటి పంపకము – ఆయకట్టు రైతుల కట్టుబాటు

చెరువు నిండుగా ఉన్న సంవత్సరము ఆయకట్టులో తగవు లుండవు. సగము నిండిన సంవత్సరమే చిక్కు వచ్చును. ఆ నీటితో ఎన్ని ఎకరములు పండునన్నది నీటి కొలతపైననే గాక, రైతులు ఒకరి మాట నొకరు ఎంతవరకు నమ్ముదురో దానిపైనను ఆధారపడి యుండును.

ఎకరము పొలములో ఒక అంగుళము నీరు నిలుపుటకు లక్ష లీటర్లకు పైగా కావలెను. తూము దగ్గరి 10 ఎకరములలో అవసరమునకు మించి ఒక్క అంగుళము నిలిపినచో 10 లక్షల లీటర్లు అక్కడనే చిక్కుకొనును. నాటిన పైరు నిలద్రొక్కుకొనిన పిదప రెండు అంగుళములకు మించి నీరు నిలుపనక్కరలేదు. పై రైతునకు ఈ సంగతి తెలియక కాదు; మరల వంతు వచ్చునో రాదోయను భయముచే నింపుకొనును. క్రింది రైతు పైరు చిరుపొట్ట దశలో ఎండును. అప్పుడు ఎండినచో తాలు గింజలే మిగులును.

ఈ భయమును పోగొట్టుటకే మన పెద్దలు నీరుగంటిని ఏర్పరచిరి. తెలంగాణములో ఇతనిని నీరడి యందురు. తూము తీయుట, మడి మడికి నీరు కట్టుట, కట్టను కాచుట ఇతని పని. రైతులెవ్వరును స్వయముగా తూము ముట్టరాదు. కళ్లములో ప్రతి రైతును ఇతనికి ధాన్యము కొలుచుట వాడుక. అందరి గింజలు తినువాడు గనుక ఒక్కరి పక్షము వహించుట కష్టము.

కరవు ఏట కొన్ని చెరువుల క్రింద దామాషా పద్ధతి పాటించెడివారు. ఆయకట్టంతయు సాగుచేయక, తూమునకు దగ్గరి భూమిని మాత్రము ఆ కారునకు అందరును తమ తమ విస్తీర్ణమును బట్టి పంచుకొని పండించుకొందురు. కాలువలో ఇంకిపోవు నీరు తగ్గును; చివరి రైతునకును తిండిగింజలు దక్కును. పై రైతు తన పొలమును ఒక కారు పరుల చేతికిచ్చుట సామాన్యమైన మాట కాదు. శ్రీలంకలో బెత్మ యను పేర ఇట్టి ఆచారమే కలదు.

బోర్లు వచ్చిన తరువాత ఈ కట్టుబాటు సడలినది. బోరున్న రైతు సమావేశమునకు రాడు, నీరుగంటికి కొలువడు. చెరువులో నిలిచిన నీరే ఇంకి తన బోరునకు ఊట యగుచున్నదని మరచును. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన చట్టము నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచినది. సంఘము తీర్మానము చేయగలదు గాని, రాత్రివేళ కాలువకు గండి కొట్టు చేతిని ఆపునది ఇరుగుపొరుగు వారి మాటయే.

కావున నారు పోయక ముందే కట్టపై సమావేశము కావలెను. పట్టాదారులనే గాక కౌలుదారులను కూడ పిలువవలెను. నేడు పెక్కు పొలములలో పార పట్టువారు వారే. నీటి మట్టము చూచి, వరి ఎన్ని ఎకరములో, ఆరుతడి పైర్లు ఎన్ని ఎకరములో తేల్చుకొనవలెను. వరికి సుమారు 1200 మి.మీ. నీరు పట్టగా, వేరుశనగకు 500 మి.మీ. చాలును. వంతులు చివరి మడినుండి ప్రారంభించుట మేలు. నిర్ణయమును వ్రాసి అందరిచే చేవ్రాలు చేయింపవలెను. నారు ఎదిగిన తరువాత ఈ మాట ఎత్తినచో ఎవ్వరును వినరు.