పేరొచ్చినా తృప్తి లేదు!

పక్కింటావిడ చేసిచ్చిన పులిహోరని చుట్టాలు మన వంటే అనుకుని మెచ్చుకుంటే ఎలా ఉంటుంది? లోపల ముల్లు గుచ్చుకున్నట్టే కదూ! అమెరికాలో ‘మంకీస్’ అనే పాటల బృందానికి సరిగ్గా ఇదే జరిగింది.

1965లో ఒక టీవీ సీరియల్ కోసం పేపర్లో ప్రకటన వేస్తే నాలుగు వందల మందికి పైగా వచ్చారట. చివరికి డేవీ జోన్స్, మికీ డోలెంజ్, మైకేల్ నెస్మిత్, పీటర్ టార్క్‌లను ఏరి బృందంగా కూర్చారు. 1966లో సీరియల్ మొదలయ్యింది. పాటలు మారుమోగిపోయాయి. కానీ రికార్డుల్లో గొంతులు వీళ్లవి, వాయిద్యాలు చాలావరకు వేరేవాళ్లవి! సంగతి తెలిశాక జనం ఎగతాళి చేశారు.

నెస్మిత్, టార్క్ ముందునుంచీ వాయించడం వచ్చినవాళ్లే. వాళ్లకెంత చిన్నతనం! నెస్మిత్ పట్టుబట్టాడు. 1967లో పాటల అజమాయిషీ చూసే డాన్ కిర్ష్‌నర్ తప్పుకోవాల్సి వచ్చింది. సీరియల్ కోసమే డ్రమ్స్ నేర్చుకున్న డోలెంజ్‌తో సహా నలుగురూ కూర్చుని, చాలావరకు తామే వాయిస్తూ ‘హెడ్‌క్వార్టర్స్’ ఆల్బమ్ చేశారు. అది అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. వారం తిరిగేసరికి బీటిల్స్ ఆల్బమ్ దాన్ని రెండో స్థానానికి నెట్టేసింది. 1968లో సీరియలూ ఆగిపోయింది.

అయితేనేం? ఉప్పు ఒక పలుకు తగ్గినా, మన చేత్తో కలిపిన పులిహోరే మనది!