మన చేను అగ్రిస్టాక్‌లో సరిగ్గా ఎక్కిందా?

అగ్రిస్టాక్ అంటే ఏంటని చాలామంది అడుగుతున్నారు. కేంద్రం 2024 సెప్టెంబర్ 2న రూ.2,817 కోట్లతో ఆమోదించిన డిజిటల్ అగ్రికల్చర్ మిషన్‌లో ఇదొక భాగం. ఇందులో మూడు రిజిస్టర్లు ఉంటాయి: రైతు వివరాలు, పటంలో పొలం హద్దులు, వేసిన పంట. ఈ మూడింటినీ కలిపే ముడి రైతు ఐడీ. రుణం, బీమా, అమ్మకం ఈ లెక్క చూసే నడిపించాలన్నది ఉద్దేశం.

ఇబ్బంది ఎక్కడంటే, నేను కందిలో సజ్జ, అలసంద కలిపి వేశాను. పంట నమోదులో కంది ఒక్కటే ఎక్కింది. కంప్యూటర్‌కి మన చేను కనపడదు, రాసిందే కనపడుతుంది. అందుకే నమోదు రోజున చేను దగ్గరే ఉండండి. అంతర పంటలన్నీ చెప్పి రాయించండి, ఫొటోలు తీసి ఉంచుకోండి. నేనెలా సరిచేయించుకున్నానో వీడియోలో చూపించాను, చూడండి.