రిమోట్ కారుకు లోహపు హంగు: చౌక వెనుక చిక్కులెన్నో

అరచేతిలో ఇమిడే అల్యూమినియం ముక్క అది. పైన నీలమో, ఎరుపో మెరిసే రంగు. రేడియో తరంగాలతో నడిచే బుల్లి కారులో ముందు చక్రాన్ని పట్టి ఉంచడం దాని పని. కారుతోపాటు వచ్చిన ప్లాస్టిక్ భాగాన్ని ఊడదీసి దీన్ని బిగిస్తే బండికి ఇక తిరుగుండదని అమ్మకందారుల హామీ. చైనా నుంచి చౌకగా వచ్చిపడిన ఈ లోహపు విడిభాగాలు మన దేశంలోని అభిరుచిపరులను ఏళ్ల తరబడి ఆకట్టుకున్నాయి. అయితే 2019 డిసెంబరు మొదలు 2020 నవంబరు వరకు, ఏడాది తిరగకముందే, వాటి రాకకు మూడు చోట్ల అడ్డుకట్ట పడింది. ఆ మూడు నిర్ణయాల్లో ఒక్కటి కూడా వీటిని ఉద్దేశించినది కాకపోవడమే విశేషం.

పిల్లలు నాలుగు రోజులు ఆడి పారేసే రిమోట్ కారుకూ, అభిరుచిగా నడిపే కారుకూ పోలిక లేదు. రెండో రకంలో ప్రతి భాగాన్నీ విడిగా కొనుక్కోవచ్చు, విప్పవచ్చు, మార్చవచ్చు. జపాన్‌లోని తమియా సంస్థ 1976లో పోర్షే 934 నమూనాతో ఈ అభిరుచికి బాట వేసింది. చాలాకాలం అది సంపన్నుల వినోదంగానే సాగింది. దాన్ని మధ్యతరగతికి దించింది చైనా తయారీదారులు. డబ్ల్యూఎల్ టాయ్స్ సంస్థ 144001 నమూనానే తీసుకుంటే, అసలు కారుకు పద్నాలుగో వంతు పరిమాణం, 7.4 వోల్టుల బ్యాటరీ, 550 తరగతి మోటారు దాని సొత్తు. అడుగు పలక లోహపుదే అయినా ధర అందుబాటులో ఉంచేందుకు సస్పెన్షన్ చేతుల వంటి భాగాలను ప్లాస్టిక్‌తో సరిపెట్టారు. ఆ ప్లాస్టిక్ విరిగిన చోటల్లా లోహం అమ్మడానికి మరో పరిశ్రమే పుట్టుకొచ్చింది.

ఫ్యూజు తీసి తీగ చుట్టినట్లు

లోహం ప్లాస్టిక్ కన్నా గట్టిదన్న మాటలో అబద్ధం లేదు. శక్తిమంతమైన బ్రష్‌లెస్ మోటారు అమర్చినప్పుడు ప్లాస్టిక్ పళ్లచక్రాలు అరిగి నున్నబడతాయి. అక్కడ ఉక్కు చక్రం పెట్టడం సబబే. మోటారు శక్తిని చక్రాలకు చేరవేసే కడ్డీల విషయమూ అంతే. చిక్కల్లా సస్పెన్షన్ చేతుల దగ్గర వస్తుంది. నైలాన్ చేయి గోడకు తగిలితే వంగి, తిరిగి యథాస్థితికి వస్తుంది. దెబ్బ మరీ పెద్దదైతే తాను విరిగి మిగతా బండిని కాపాడుతుంది. అల్యూమినియం చేయి వంగితే వంగినట్లే ఉండిపోతుంది. వంగకపోతే ఆ దెబ్బను లోపలికి, గేర్లపెట్టె గోడలకు పంపుతుంది. ఇంట్లో ఫ్యూజు తరచూ పోతున్నదని దళసరి రాగి తీగ చుట్టేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పోయేది ఫ్యూజు కాదు, ఆ వెనుక ఉన్న యంత్రం. కొద్దిపాటి ఖర్చుతో మార్చుకోగల చేయిని కాపాడబోయి గేర్లపెట్టెను పోగొట్టుకున్నవారు ఈ అభిరుచిలో కొత్త కాదు.

బరువు సంగతి సరేసరి. ఘన సెంటీమీటరుకు నైలాన్ 1.14 గ్రాములు తూగితే అల్యూమినియం 2.7 గ్రాములు తూగుతుంది. చవకబారు భాగాలు కొన్ని అల్యూమినియంవి కూడా కావు. అచ్చులో పోసిన జింకు మిశ్రమంతో చేసినవి. దాని సాంద్రత 6.6 గ్రాముల పైమాటే, పైగా గట్టి దెబ్బకు పెళుసుగా చిట్లుతుంది. కొనుగోలుదారుకు కనిపించేది మాత్రం ‘లోహం’ అన్న ఒక్క మాటే. విమాన నిర్మాణంలో వాడే 7075 రకం అల్యూమినియమా, మామూలు 6061 రకమా, లేక జింకు పోతా అన్నది రంగుపూత కింద దాగిపోతుంది.

మూడు తలుపులు

ఇక ఆర్థిక కోణానికి వస్తే, 2019 వరకు రూ. 5,000 లోపు విలువగల కానుకలు విదేశాల నుంచి సుంకం లేకుండా వచ్చేవి. ఆన్‌లైన్‌లో కొన్న సరకు సైతం కానుక ముసుగులో దేశంలోకి ప్రవేశించేది. ఆ ఏడాది డిసెంబరులో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఈ సదుపాయాన్ని ఎత్తివేసింది. రాఖీలకు, ప్రాణరక్షక ఔషధాలకు మాత్రమే మినహాయింపు దక్కింది. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో బొమ్మలపై దిగుమతి సుంకం 20 శాతం నుంచి ఒక్కసారిగా 60 శాతానికి పెరిగింది. ఆ జూన్‌లో గల్వాన్ లోయలో ఘర్షణ జరిగింది. నవంబరు 24న కేంద్రం నిషేధించిన 43 యాప్‌లలో అలీఎక్స్‌ప్రెస్ కూడా ఒకటి. ఒక్క చక్రమో, ఒక్క చేయో విడిగా తెప్పించుకునే ముఖ్యమైన దారి దాంతో మూసుకుపోయింది. 2023 బడ్జెట్‌లో బొమ్మల సుంకం 70 శాతానికి చేరింది.

సుంకాల పట్టికలోని వింతలు మరో కథ. ఒకే బండిలోని భాగాలు విడిగా దిగుమతి అయితే వేర్వేరు గదుల్లో పడతాయి. మోటారు 8501 శీర్షిక కిందికి, రేడియో నియంత్రణ పరికరం 8526 కిందికి వెళతాయి. సాధారణ మరలు లోహపు వస్తువుల జాబితాలో చేరతాయి. ఈ కారుకు తప్ప మరి దేనికీ పనికిరాని సస్పెన్షన్ చేయి మాత్రం 9503 కింద బొమ్మగానే లెక్క. వ్యాపారి టోకున తెప్పించే సరకులో హెచ్చు సుంకం పడేది దానిమీదే. 2021 జనవరి 1న అమలులోకి వచ్చిన బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు కొలబద్ద వేరు. అది 14 ఏళ్ల లోపు పిల్లల ఆట వస్తువులకే వర్తిస్తుంది. అంటే పెద్దల కోసం చేసిన కారు నాణ్యతా ఉత్తర్వు దృష్టిలో బొమ్మ కాదు, సుంకం దృష్టిలో బొమ్మే. మన కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల వంటి భౌగోళిక గుర్తింపు పొందిన వాటికి ఆ ఉత్తర్వు నుంచి మినహాయింపు ఉంది. అది న్యాయమే.

ప్రభుత్వ చర్యలు గురి తప్పాయని చెప్పడానికి వీల్లేదు. దిగుమతి అయిన బొమ్మల్లో సుమారు 67 శాతం పరీక్షల్లో విఫలమైనట్లు భారత నాణ్యతా మండలి 2019లో తేల్చింది. పసిపిల్లల నోటికి చేరే వస్తువుల విషయంలో ఉపేక్ష తగదు. కేంద్ర వాణిజ్య శాఖ లెక్కల ప్రకారం 9503 శీర్షిక కింద దిగుమతులు 2018-19లో 30.4 కోట్ల డాలర్లు ఉండగా 2021-22 నాటికి 3.6 కోట్ల డాలర్లకు పడిపోయాయి. దేశీయ తయారీదారులు నిలదొక్కుకున్నారు. కానీ బొమ్మల కర్మాగారం వెలిసినంత సులువుగా సస్పెన్షన్ చేతుల కర్మాగారం వెలవదు.

సామర్థ్యం లేక కాదు. 1968లో కేంద్రీయ పరికర రూపకల్పన సంస్థ ఏర్పడిన హైదరాబాద్ బాలానగర్‌లోనూ, కోయంబత్తూరు, రాజ్‌కోట్, లుథియానాలలోనూ ఇంతకన్నా సూక్ష్మమైన పనులు చేసే యంత్రశాలలు ఉన్నాయి. కొరత సంఖ్యది. ఒక భాగానికి నమూనా గీసి, యంత్రానికి ఆదేశాలు రాసి, పట్టు బిగించేందుకయ్యే ఖర్చు పది ముక్కలు చేసినా, పదివేలు చేసినా దాదాపు ఒకటే. చైనా భాగం చౌక కావడంలో పదివేల ముక్కల లెక్కకు పెద్ద పాలే ఉంది. మన యంత్రశాల యజమానికి నాలుగు చేతుల కోసం వచ్చిన కుర్రవాడిని సాగనంపడం తప్ప గత్యంతరం లేదు.

అందుకే కొందరు త్రీడీ ముద్రణ యంత్రాలను ఆశ్రయిస్తున్నారు. విరిగిన చేయిని కొలిచి, కంప్యూటరులో గీసి, నైలాన్ తీగను కరిగించి పొరలు పొరలుగా ఇంట్లోనే అచ్చువేసుకుంటున్నారు. లోహం మోజుతో వదులుకున్న ప్లాస్టిక్ ఈ విధంగా తిరిగి బండెక్కింది. గోడను గుద్దితే మళ్లీ విరుగుతుంది, రాత్రికి మళ్లీ ముద్రించుకోవచ్చు. ఉక్కు పళ్లచక్రాన్ని మాత్రం ఇంటి యంత్రం చేయలేదు. దానికోసం ఇప్పటికీ టోకు వ్యాపారి వద్ద సరకు దిగేదాకా ఎదురుచూడవలసిందే.