ఒక్క సున్నా దొరికితే చాలు!

ఎక్స్ ఘనం మైనస్ 6 ఎక్స్ వర్గం ప్లస్ 11 ఎక్స్ మైనస్ 6... చూడగానే కళ్లు తిరుగుతున్నాయా? కంగారొద్దు. గుణకాలు నాలుగూ కూడండి. 1, -6, 11, -6... మొత్తం సున్నా! అంటే ఎక్స్ బదులు 1 వేస్తే బహుపది విలువ సున్నా. ఎక్స్ మైనస్ 1 దానికి కారణాంకమన్నమాట. దాంతో భాగిస్తే ఎక్స్ వర్గం మైనస్ 5 ఎక్స్ ప్లస్ 6 వస్తుంది. దాని శూన్యాలు 2, 3. మూడూ దొరికేశాయి!

కూడితే సున్నా రాకపోతే? గుణకాలన్నీ పూర్ణాంకాలై, మొదటిది 1 అయితే... పూర్ణాంక శూన్యం చివరి సంఖ్య భాజకాల్లోనే ఉంటుంది. ప్లస్, మైనస్ గుర్తులతో ఒక్కొక్కటీ వేసి చూడటమే.

అన్నీ ఇలా లొంగవు. అయిదో ఘాతానికి, వర్గ సమీకరణానికి ఉన్నట్టు అన్నిటికీ పనికొచ్చే సూత్రం ఉండదని నార్వే గణితవేత్త ఆబెల్ 1824లో నిరూపించాడు.

పరీక్ష అయ్యాక ఈ లెక్కతో పనేంటి అంటారా? వరంగల్‌లో 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజినీరింగ్ కళాశాల 2002లో ఎన్ఐటీ అయింది. అలాంటి చోట కంట్రోల్ సిస్టమ్స్ చదివేవాళ్లకీ ఈ శూన్యాలే దిక్కు. మోటారైనా విమానమైనా దాని లక్షణ సమీకరణానికి ఒక్క మూలం ధన వైపు పడిందా... చిన్న కుదుపు పెరిగి పెరిగి అదుపు తప్పుతుంది.

తొమ్మిదో తరగతిలో బట్టీపట్టి వదిలేసే కారణాంక సిద్ధాంతం విలువ అక్కడ తెలుస్తుంది!