మెదడు కట్టే చిన్న మూటలు

ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర నూడుల్స్‌లో చల్లే అజినమోటో తెలుసుగా? దాని రుచికి కారణం గ్లుటమేట్. పండిన టమాటాలోనూ అది ఉంటుంది. మన మెదడు కణాలు ‘లే, పని మొదలుపెట్టు’ అని పక్క కణానికి చెప్పడానికి ఎక్కువగా వాడేది కూడా అదే! అలాగని నూడుల్స్ తింటే నేరుగా మెదడులోకి వెళ్లిపోదులెండి. కణాలు తమకు కావాల్సింది తామే తయారు చేసుకుంటాయి.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నప్పుడే బయాలజీకి నమస్కారం పెట్టేశా. కానీ ఒక ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ప్రోటీన్ల తయారీ కోసం గ్లుటమేట్ ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది. మరి కొన్ని కణాల్లోనే అది మెసేజ్ ఎలా అవుతోంది?

ప్యాకింగ్ వల్ల. నాడీకణం చివర్లో వెసికిల్స్ అనే బుల్లి సంచులుంటాయి. ఒక్కోటి దాదాపు 40 నానోమీటర్లు. వరసగా పేరిస్తే ఒక్క మిల్లీమీటరులో 25 వేలు పడతాయి. సంచి గోడలోని పంపు ఏటీపీ అనే ఇంధనం ఖర్చుపెట్టి ప్రోటాన్లను లోపలికి తోస్తుంది. దాంతో లోపల పాజిటివ్ చార్జ్ పెరుగుతుంది. గ్లుటమేట్‌ది నెగటివ్ చార్జ్. అదే గోడలో ఉన్న వీగ్లూట్ అనే ప్రోటీన్ దారి ఇస్తే, ఆ ఆకర్షణకి అది లోపలికి చేరి కిక్కిరిసిపోతుంది. సిగ్నల్ రాగానే కణంలోకి కాల్షియం వస్తుంది, సంచి నోరు తెరుచుకుంటుంది, సరుకు బయటపడుతుంది.

ఈ ప్రోటీన్‌ని 1994లోనే గుర్తించారు. కాకపోతే ఫాస్ఫేట్‌ని మోసేదని అనుకున్నారు. అసలు పని 2000లో బయటపడింది. మామూలుగా ‘ఆగు’ అని చెప్పే కణాల్లో దీన్ని పెట్టి చూస్తే, అవి కూడా గ్లుటమేట్ పంపడం మొదలుపెట్టాయి! అంటే ఏ కణం ‘లే’ అనాలో తేల్చడంలో ఈ ప్యాకింగ్ ప్రోటీన్‌దే పెద్ద చెయ్యి.

ఇది లేకపోతే? చెవిలో శబ్దాన్ని పట్టే కణాలకి వీగ్లూట్-3 కావాలి. అది లేని ఎలుకల్లో శబ్దం కణం దాకా వస్తుంది, సంచులూ తెరుచుకుంటాయి. కానీ వాటిలో సరుకు ఉండదు. ఎలుకకి పుట్టు చెవుడు. 2012లో పరిశోధకులు ఆ జన్యువుని వైరస్‌లో పెట్టి ఎలుక పిల్లల లోపలి చెవిలోకి పంపిస్తే, వాటికి వినిపించింది. మనుషుల్లోనూ ఈ జన్యువులో లోపం వల్ల కొన్ని కుటుంబాల్లో వినికిడి మెల్లగా తగ్గిపోతోంది.

ఇయర్‌ఫోన్స్ ఎంత ఖరీదైనవైనా, పాట చెవి దాటి మెదడుకి చేరాలంటే ఈ మూటలు నిండుగా ఉండాల్సిందే.