మొక్కల నారతో నీళ్ల ఫిల్టర్: మన ఫ్లోరైడ్ ఆగుతుందా?

చెట్టు కొమ్మతో నీళ్లు ఫిల్టర్ చేసే వీడియోలు మీరు చూసే ఉంటారు. మరి మన మార్కాపురం సైడ్ బోరు నీళ్లకి అది పనికొస్తుందా? ఈరోజు అదే మాట్లాడుకుందాం.

ముందు మన ప్రాబ్లం. 1937లోనే షార్ట్ అనే డాక్టరు, ఆయన టీమ్ కలిసి అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని రిపోర్ట్ రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేవి. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, వంగిపోయిన నడుములు మనకి కొత్తేం కాదు.

ఇప్పుడు కొమ్మ సంగతి. 2014లో అమెరికాలోని ఎంఐటీ వాళ్లు పైన్ కొమ్మ ముక్కకి బెరడు తీసి, ట్యూబ్‌లో బిగించి నీళ్లు పంపారు. చెట్టు నీళ్లు పైకి లాక్కునే సన్నటి గొట్టాల మధ్య జల్లెడలాంటి పొరలుంటాయి. బాక్టీరియా 99 శాతానికి పైగా అక్కడే ఆగిపోయింది. సూపర్ కదా? కానీ ఫ్లోరైడ్ క్రిమిలా తేలుతూ ఉండదు, ఉప్పులా కరిగి ఉంటుంది. బాక్టీరియా కంటే వెయ్యి రెట్లకు పైగా చిన్నది. ఉప్పునీళ్లు పిండి జల్లెడలో పోస్తే ఉప్పు ఆగుతుందా? ఇదీ అంతే.

అలాగని నార వేస్ట్ అనుకోవద్దు. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియా యూనివర్సిటీలో లోబ్, సౌరిరాజన్ చేసిన ఆర్‌ఓ మెంబ్రేన్ సెల్యులోజ్ అసిటేట్‌దే. సెల్యులోజ్ అంటే పత్తిలో, కలపలో, అరటి నారలో ఉండేదే. తర్వాత పాలిమైడ్ అనే ప్లాస్టిక్ పొర వచ్చింది. అది ఫ్లోరైడ్‌ని బాగా ఆపుతుంది, కానీ మురికి, జిగురు పట్టి మూసుకుపోతుంది. అందుకే రీసెర్చర్లు నారని నానో సైజులో చీల్చి మెంబ్రేన్‌లో కలిపి చూస్తున్నారు. కాటన్ టవల్ నీళ్లు పీల్చినట్టు పాలిస్టర్ పీల్చదు కదా? సెల్యులోజ్‌కి నీళ్లంటే అంత ఇష్టం. పొర మీద నీళ్లు పట్టి ఉంటే మురికి తొందరగా అంటుకోదు. అంటే నార పని ఫ్లోరైడ్‌ని ఆపడం కాదు, ఫ్లోరైడ్‌ని ఆపే పొరని కాపాడటం.

ఇది ఇంకా ఎక్కువగా ల్యాబుల్లోనే ఉంది. అందాకా మీరు క్యాన్ తెచ్చుకునే ప్లాంటులో రెండు విషయాలు అడగండి. మెంబ్రేన్ ఎప్పుడు మార్చారు? ఫ్లోరైడ్ టెస్ట్ ఎప్పుడు చేయించారు? లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకే. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ని విడిగా చూపించదు. కాచినా పోదు, నీళ్లు ఆవిరై ఇంకా పెరుగుతుంది.

ఈ వీడియో మీ ఊరి గ్రూపులో షేర్ చేయండి.